అంగడి చేతులు మారేటప్పుడు: ఓనర్ అనుమతి తీసుకునే పద్ధతి

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో బాడుగకు తీసుకుని నడుపుతున్న అంగడిని ఇంకొకరికి ఇచ్చేయాలనుకున్నప్పుడు మామూలుగా జరిగే వరస ఇది. ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ గుడ్‌విల్, అంటే నడుస్తున్న అంగడి పేరుకు ఇచ్చే సొమ్ము, మాట్లాడుకుంటారు. బయానా చేతులు మారుతుంది. రంగులేసే మనిషి వచ్చి గోడలు గీకడం మొదలుపెడతాడు. అప్పుడు బిల్డింగు ఓనర్‌కి ఫోన్ పోతుంది: "సార్, మనవాడే, ఒకటో తేదీ నుంచి ఆయన చూసుకుంటాడు." ఓనర్ సరేనంటే అదృష్టం. "ముందు నాకు చెప్పాలి కదయ్యా" అన్నాడంటే మాత్రం డబ్బిచ్చినాయనకు షాపు ఉండదు, పుచ్చుకున్నాయన దగ్గర వెనక్కివ్వడానికి డబ్బు ఉండదు. ఈ వరసను తిరగేయాలి. ముందు ఓనర్ సంతకం, తర్వాత డబ్బు, ఆఖరున తాళాలు. ఇదంతా సవ్యంగా జరగాలంటే ఖాళీ చేయాలనుకున్న తేదీకి కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి.

మొదట అగ్రిమెంట్ బయటకు తీయండి

బీరువాలో ఉన్న అగ్రిమెంట్‌లో నాలుగు విషయాలు వెతకాలి: గడువు ఎప్పటిదాకా ఉంది, వేరొకరికి ఇవ్వడం గురించి ఏం రాశారు, షాపు ఏ వ్యాపారానికి ఇచ్చారు, అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు వాపసు.

గడువు దగ్గరే చాలామందికి మొదటి దెబ్బ తగులుతుంది. మన దగ్గర అంగళ్లలో ఎక్కువ భాగం 11 నెలల అగ్రిమెంట్ మీద నడుస్తాయి. మొదటి 11 నెలలు అయ్యాక కొత్త కాగితం రాసుకోరు, ఏటా బాడుగ కొంత పెంచుకుంటూ పోతారు. పదేళ్లుగా ఉన్న అంగడైనా సరే, వేరే ఒప్పందం లేనప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ దాన్ని నెలవారీ బాడుగ కిందే లెక్కేస్తుంది. ఎవరైనా 15 రోజుల నోటీసుతో తెంచుకోవచ్చు. అంటే కొత్తాయనకు మీరు ఇస్తున్నది పదేళ్ల పేరే గానీ, పదిహేను రోజులకు మించిన హక్కు మీ చేతిలో లేదు. లక్షల్లో గుడ్‌విల్ అడిగేటప్పుడు ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ ఈ సంగతి తెలిసుండాలి. ఇలాంటి షాపుకు పాత అగ్రిమెంట్‌ను బదిలీ చేయించుకోవడం దండగ. ఓనర్ దగ్గర కొత్త గడువుతో కొత్త లీజు రాయించుకోవడం ఒక్కటే మార్గం.

బదిలీ గురించిన షరతు మూడు రకాలుగా కనిపిస్తుంది. "ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా సబ్‌లీజుకు గానీ, ఇతరులకు గానీ ఇవ్వరాదు" అన్నది ఎక్కువ. కొన్నింట్లో అసలు ఇవ్వనే కూడదని ఉంటుంది. ఇంకొన్నింట్లో ఏమీ రాసుండదు. ఏమీ రాయకపోతే అదే చట్టం 108వ సెక్షన్‌లోని జె క్లాజు ప్రకారం బాడుగదారు తన హక్కును బదిలీ చేసుకోవచ్చు. దీన్ని చూపించి "అనుమతి అక్కర్లేదు" అని ధైర్యం చెప్పేవాళ్లుంటారు. ఆ క్లాజులో తర్వాతి వాక్యం వాళ్లు చదవరు: బదిలీ చేసినంత మాత్రాన పాత బాడుగదారు తన బాధ్యతల నుంచి బయటపడడు. కొత్తాయన బాడుగ ఎగ్గొడితే ఓనర్ మీ ఇంటికే వస్తాడు. దీనికి తోడు అద్దె చట్టాల్లో, అనుమతి లేకుండా ఇతరులకు ఇవ్వడం ఖాళీ చేయించడానికి ఒక కారణం కూడా.

ఇవ్వకూడదని రాసి, ఇస్తే స్వాధీనం చేసుకుంటానని కూడా రాసిన అగ్రిమెంట్లలో ప్రమాదం ఇంకా పెద్దది. మామూలు షరతు తప్పితే సరిదిద్దుకోవడానికి ఓనర్ నోటీసిచ్చి గడువివ్వాలి. అనుమతి లేకుండా అప్పజెప్పిన వ్యవహారానికి ఆస్తి బదిలీ చట్టం 114ఏ సెక్షన్‌లోని ఆ రక్షణ వర్తించదు. "తప్పయింది, ఆయన్ని పంపించేస్తాను" అంటే వినాల్సిన పని ఓనర్‌కు లేదు.

అనుమతి అడిగినప్పుడు ఓనర్ కారణం చెప్పకుండా కాదనవచ్చా? "తగిన కారణం లేకుండా నిరాకరించరాదు" అన్న మాట అగ్రిమెంట్‌లో ఉంటేనే కారణం నిలదీయడానికి పట్టు దొరుకుతుంది. కొత్త లీజు రాసుకునేవాళ్లు ఆ ఒక్క వాక్యం ఇప్పుడే పెట్టించుకుంటే రేపు మీరు బయటపడే రోజున పనికొస్తుంది.

సంతకం ఎవరిది

ప్రతి నెలా బాడుగ తీసుకునే మనిషే ఓనర్ అయి ఉండాలనేమీ లేదు. పెద్దాయన పోయాక పెద్ద కొడుకు వసూలు చేస్తుంటాడు. చెల్లెళ్లకూ తమ్ముడికీ వాటా ఉంటుంది. పంపకాల కాగితాలు రిజిస్టర్ కాకపోతే వారసులందరి సంతకాలూ కావాలి. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే సర్టిఫికెట్), తాజా ఆస్తి పన్ను రసీదు చూస్తే పేర్లెవరివో తేలిపోతుంది. బిల్డింగు మీద రిజిస్టరైన బ్యాంకు తాకట్టు ఉందేమో కూడా ఈసీలోనే చూసుకోవచ్చు. తాకట్టు ఉంటే కొత్త లీజుకు బ్యాంకు ఒప్పుకోవాలని లోన్ కాగితాల్లో రాసి ఉంటుంది. ఆ బాధ్యత ఓనర్‌దే, అయినా అడగాల్సింది కొత్తాయన.

ఓనర్లు చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉండి, ఇక్కడ బావమరిది చేత జీపీఏ (తన తరఫున పనులు చూడమని రాసిచ్చే అధికార పత్రం) మీద నడిపించే బిల్డింగులు నెల్లూరులో చాలానే ఉన్నాయి. జీపీఏ కాపీ అడిగి చదవండి. బాడుగ వసూలు చేసే అధికారం వేరు, లీజుకిచ్చే అధికారం వేరు. రెండోది స్పష్టంగా రాసి ఉండాలి. రాసిచ్చిన మనిషి చనిపోతే జీపీఏకు విలువ పోతుంది. విదేశంలో రాసిన జీపీఏ ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు సుంకం కట్టి ఉండాలి.

గుడి షాపులు, మునిసిపల్ కాంప్లెక్సులు, బస్టాండు స్టాళ్లు ఈ లెక్కలోకి రావు. అవి వేలం పాట షరతుల మీద ఇచ్చినవి. వసూలు చేసుకునే గుమాస్తా "పర్లేదు" అన్న మాటకు అక్కడ విలువ లేదు. పాట కాగితంలో బదిలీకి వీలుందో లేదో చూసుకుని, సంబంధిత ఆఫీసులోనే దరఖాస్తు పెట్టాలి. వీలు లేదని ఉంటే ఆ షాపుకు గుడ్‌విల్ ఇవ్వడం నీళ్లలో పోసినట్టే.

ఏ దారిన వెళ్లాలి

షాపు ఇంకొకరి చేతికి వెళ్లడానికి మూడు దారులున్నాయి.

పాతది రద్దు చేసి ఓనర్ కొత్తాయనకు నేరుగా కొత్త లీజు రాయడం అన్నిటికన్నా శుభ్రమైనది. పాతాయన పూర్తిగా బయటపడతాడు, కొత్తాయనకు కొత్త గడువు వస్తుంది. ఓనర్‌కు బాడుగ సవరించుకునే వీలుంటుంది కాబట్టి ఆయనా తొందరగా ఒప్పుకుంటాడు. గడువు అయిపోయిన, అయిపోవచ్చిన షాపులన్నిటికీ ఇదే మేలు.

రెండోది హక్కు బదిలీ. 9 ఏళ్ల రిజిస్టర్డ్ లీజులో ఇంకా 5 ఏళ్లు మిగిలి, బాడుగ ఇప్పటి ధర కన్నా తక్కువగా ఉంటే అప్పుడు బదిలీకి అర్థముంది. మిగిలిన ఏళ్లు, పాత బాడుగ, పాత షరతులు అన్నీ కొత్తాయనకు వస్తాయి. దీన్ని ముగ్గురూ సంతకాలు పెట్టే పత్రంగానే రాసుకోవాలి. ఇద్దరే రాసుకుని ఓనర్‌కు కాపీ ఇస్తే పాతాయన మెడకు తాడు అలాగే ఉంటుంది.

మూడోది సబ్‌లీజు. పాతాయనే ఓనర్‌కు బాడుగ కడుతూ, కొత్తాయన దగ్గర వసూలు చేసుకుంటాడు. పెద్ద షాపులో ఒక మూల మొబైల్ రిపేరు వాళ్లకు ఇచ్చినప్పుడు సరిపోతుంది. మొత్తం షాపు అప్పజెప్పి తాను ఊరు మారిపోయేవాళ్లు దీని జోలికి పోకూడదు.

ఇక దొంగదారి ఒకటుంది. "ఓనర్‌ని అడగడమెందుకు, పార్ట్‌నర్‌గా చేర్చుకో, ఆరు నెలలకు నువ్వు రిటైర్ అయిపో" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి బజారులోనూ ఉంటారు. వివాదం కోర్టుకెళితే అక్కడ చూసేది పార్ట్‌నర్‌షిప్ డీడ్ పేరును కాదు. షాపు ఎవరి అదుపులో ఉంది, గల్లా ఎవరిది, లాభనష్టాలు ఎవరివి అని అడుగుతారు. పాతాయన పేరుకు మాత్రమే ఉన్నాడని తేలితే అది అనుమతి లేని బదిలీయే. జాగ్రత్తగా రాసిన అగ్రిమెంట్లలో భాగస్వాములు మారినా అనుమతి కావాలని ముందే పెట్టి ఉంటారు.

ఉత్తరం

ఓనర్‌తో మాట ముందు నోటితోనే జరుగుతుంది, అలాగే జరగాలి కూడా. పెద్దమనిషి ఇంటికి చెప్పాపెట్టకుండా నోటీసు పంపిస్తే పని చెడుతుంది. మాట్లాడి వచ్చిన మర్నాడే మాత్రం కాగితం పెట్టండి. ఇలా రాస్తే చాలు:

"గౌరవనీయులైన ఓనర్ గారికి. డోర్ నంబరు ........, గ్రౌండ్ ఫ్లోరు, 2వ షట్టర్‌లో ........ తేదీ అగ్రిమెంట్ ప్రకారం నేను బాడుగకు ఉన్న సంగతి తమరికి తెలిసినదే. ఈ వ్యాపారం నేను విరమించుకుంటున్నాను. ఇదే షాపులో రెడీమేడ్ బట్టల వ్యాపారం చేయడానికి ........ గారు ముందుకొచ్చారు. ఆయన ఆధార్, పాన్, జీఎస్టీ సర్టిఫికెట్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ జతపరిచాను. ........ తేదీ నుంచి షాపు ఆయనకు ఇవ్వడానికి తమరి రాతపూర్వక అనుమతి కోరుతున్నాను. తమరు సంతకం చేసిన పత్రం అందేదాకా షాపు స్వాధీనం ఎవరికీ ఇవ్వను. ........ తేదీలోగా తమరి నిర్ణయం తెలియజేయగలరు."

స్వాధీనం ఎవరికీ ఇవ్వనన్న వాక్యం మర్చిపోవద్దు. అనుమతి రాకముందే కొత్తాయన మనుషులు వచ్చి కొలతలు తీసుకుంటున్నా, ఓనర్ దాన్ని అప్పగింత అనకుండా అదే కాపాడుతుంది. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద "అందింది" అని తేదీతో సంతకం పెట్టించుకోండి. వేరే ఊళ్లో ఉంటే అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది. దాంతోపాటు వాట్సాప్‌లో కూడా పెట్టండి.

రెండు నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే అది అనుమతి కింద లెక్క కాదు. ఓనర్ మౌనం మీద ఆధారపడి షాపు ఇచ్చేయకండి. దీనికి రెండో వైపు ఓనర్లు గుర్తుంచుకోవాల్సింది ఉంది: అనుమతి లేకుండా వేరేవాళ్లు దిగారని తెలిసి కూడా వాళ్ల ఫోన్‌పే నుంచి వచ్చిన బాడుగను నెలనెలా ఉంచేసుకుంటే, ఆ తప్పును మీరు వదిలేసినట్టు వాదించడానికి ఆస్తి బదిలీ చట్టం 112వ సెక్షన్ వాళ్లకు దారి చూపిస్తుంది.

ఓనర్ దేనికి వెనకాడతాడు

కొత్తాయన బాడుగ కట్టగలడా అన్నది ఒక భయం. దానికి బ్యాంకు స్టేట్‌మెంటూ, ఇప్పుడున్న షాపు బాడుగ రసీదులూ జవాబు. గడువయ్యాక ఖాళీ చేస్తాడా అన్నది రెండోది, నిజానికి ఇదే పెద్దది. కొత్తాయన ఇప్పుడున్న షాపు ఓనర్ చేత ఒక మాట చెప్పించగలిగితే ఎన్ని కాగితాలకైనా సాటి. మూడోది వ్యాపారం రకం. బట్టల షాపు పోయి టిఫిన్ సెంటర్ వస్తుందంటే పొగ, నూనె జిడ్డు, గ్యాస్ సిలిండర్లు, డ్రైనేజీ జామ్, పైన కాపురముండేవాళ్ల ఫిర్యాదులు, అన్నీ ఆయన కళ్లముందు కదులుతాయి. అలాంటప్పుడు చిమ్నీ గొట్టం ఎటు పెడతారో, సిలిండర్లు ఎక్కడ ఉంచుతారో, జిడ్డు పట్టే తొట్టి ఎవరు శుభ్రం చేయిస్తారో ఒక కాగితం మీద బొమ్మ గీసి తీసుకెళ్లండి.

ఓనర్ ఈ సందర్భంలో బాడుగ పెంచమనడం సహజం. గడువు మిగిలున్న రిజిస్టర్డ్ లీజయితే పెంచడానికి ఒప్పుకోనక్కర్లేదు, కానీ అనుమతి ఆయన చేతిలో ఉందని మర్చిపోవద్దు. పెంపుకు బదులుగా గడువు పొడిగింపు అడగడం తెలివైన బేరం. అనుమతికి విడిగా డబ్బు అడిగితే ఇవ్వాలో వద్దో మీ ఇష్టం. ఇస్తే మాత్రం బ్యాంకు ద్వారా ఇచ్చి, అది దేనికో అనుమతి పత్రంలోనే రాయించండి.

ముహూర్తం బేరం కూడా ముందే తేల్చుకోవాలి. పాతాయన నెలాఖరుకు ఖాళీ చేస్తాడు. కొత్తాయన "మూఢం పోయాక దిగుతాం" అనో, "ఆషాఢంలో ఎట్లా సార్" అనో అంటాడు. మధ్యలో ఖాళీగా ఉన్న నెల బాడుగ ఎవరిదని అప్పుడు మొదలవుతుంది గొడవ. పంచాంగం చూసుకునే తేదీ రాసుకోండి. దిగేది ఎప్పుడైనా, బాడుగ లెక్క తాళాలు తీసుకున్న రోజు నుంచి మొదలవుతుందని రాయండి.

అనుమతి పత్రంలో ఉండాల్సింది

"నాకు అభ్యంతరం లేదు" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టిన తెల్లకాగితం జీఎస్టీ ఆఫీసులో పనికొస్తుందేమో గానీ మీ ముగ్గురి మధ్య దేన్నీ తేల్చదు. పత్రంలో కనీసం ఈ మాటలు కనబడాలి.

షాపు గుర్తు: డోర్ నంబరు, ఏ ఫ్లోరు, ఎన్నో షట్టరు, చదరపు అడుగులు, హద్దులు, అటక ఉంటే అది కూడా. కాంప్లెక్సుల్లో ఒకే డోర్ నంబరు కింద ఆరేడు షట్టర్లుంటాయి, నంబరు ఒక్కటీ రాస్తే చాలదు.

సమ్మతి: "........ తేదీ నుంచి సదరు షాపును ........ గారికి ........ గడువుకు, నెలకు ........ రూపాయల బాడుగకు ఇచ్చుటకు నాకు సమ్మతము." కొత్తాయన పేరు పాన్‌లో ఉన్నట్టే రాయాలి. కంపెనీయో, పార్ట్‌నర్‌షిప్పో అయితే సంస్థ పేరు, సంతకం పెట్టే మనిషి పేరు రెండూ ఉండాలి.

విముక్తి: "........ తేదీ తర్వాత ఏర్పడే బాడుగ, కరెంటు, మరమ్మతులు తదితర ఏ బాధ్యతకూ పాత బాడుగదారు జవాబుదారీ కాడు." బయటకు వెళ్లేవాళ్లకు పత్రం మొత్తంలో ఇదే ప్రాణం. ఓనర్ దీనికి ఒప్పుకోకపోతే కనీసం ఆరు నెలలో, ఏడాదో హద్దు పెట్టించండి. ముందెప్పుడో ఓనర్‌కు ఇచ్చిన సెక్యూరిటీ చెక్కులుంటే వాటి నంబర్లు రాసి వెనక్కి తీసుకోండి.

పాత బాకీలు: ఏ తేదీ దాకా బాడుగ ముట్టిందో, ఇంకా ఏమేం రావాలో. "బాకీలేమీ లేవు" అని ఓనర్ రాస్తే పాత పేచీలు కొత్తాయన మీదకు రావు.

ఇక లీజు ఇచ్చిననాటి స్థితి. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఖాళీ చేసేటప్పుడు షాపును మొదటి స్థితిలో అప్పగించాలని దాదాపు ప్రతి అగ్రిమెంట్‌లోనూ ఉంటుంది. పాతాయన మధ్య గోడ తీయించాడు, ఫాల్స్ సీలింగ్ కట్టాడు, ఏసీ పైపుకు గోడకు బొక్క కొట్టాడు. హక్కు బదిలీ చేయించుకున్న కొత్తాయన ఐదేళ్ల తర్వాత వెళ్లిపోయేటప్పుడు, తాను కూల్చని ఆ గోడ కట్టించాల్సి వస్తుంది. కాబట్టి ఈ రోజు ఉన్న స్థితినే మొదటి స్థితిగా లెక్కించాలని రాయించి, ఇరవై ముప్పై ఫోటోలు ప్రింటు తీసి ముగ్గురి సంతకాలతో జత చేయండి.

డబ్బు: మూడు మూటలు విడివిడిగా

అడ్వాన్స్ ఓనర్ దగ్గర ఉన్న పాతాయన డబ్బు. గుడ్‌విల్ పాతాయనకు వెళ్లేది. ఫర్నిచర్, ఏసీ, సరుకు విలువ మూడోది. ఈ మూడింటినీ కలిపి "మొత్తం పన్నెండు లక్షలు" అని మాట్లాడుకున్న బేరాలు చివరకు పేచీలోనే తేలతాయి, ఎందుకంటే ఓనర్ అడ్వాన్స్‌లో కోత పెట్టగానే ఆ కోత ఎవరిదన్నది ఎవరికీ తెలియదు.

ఒక లెక్క చూద్దాం. బాడుగ నెలకు 40,000, ఓనర్ దగ్గర అడ్వాన్స్ 4,00,000. పాతాయన బాకీలు: కరెంటు 6,200, మెయింటెనెన్స్ 2,800, షట్టర్ మరమ్మతు 5,000, మొత్తం 14,000. మొదటి పద్ధతిలో కొత్తాయన ఓనర్‌కు 4,00,000 ఇస్తాడు, అదే రోజు ఓనర్ పాతాయనకు 3,86,000 ఇస్తాడు. రెండో పద్ధతిలో కొత్తాయన నేరుగా పాతాయనకు 3,86,000, ఓనర్‌కు 14,000 ఇస్తాడు. ఓనర్ మాత్రం "నా దగ్గరున్న 4,00,000 అడ్వాన్స్ ఇకనుంచి ........ గారిది" అని రసీదు రాయాలి. ఈ రసీదు లేకుండా డబ్బిచ్చినవాళ్లు ఖాళీ చేసే రోజున "మీరు నాకెప్పుడిచ్చారు?" అన్న మాట వింటారు. ఆ రోజుకు పాతాయన ఫోన్ నంబరు కూడా మారిపోయి ఉంటుంది.

ఓనర్ సంతకానికి ముందు బయానా ఇవ్వక తప్పకపోతే, చిన్న మొత్తమే ఇచ్చి రసీదులో ఇలా రాయించండి: "........ తేదీలోగా ఓనర్ రాతపూర్వక అనుమతి రానిచో ఈ మొత్తం పూర్తిగా వాపసు చేయబడును." నగదులో 2 లక్షలూ, అంతకు మించీ పుచ్చుకుంటే పుచ్చుకున్న మొత్తమంతా జరిమానాగా పోయే ఆదాయపు పన్ను నిబంధన ఉంది. గుడ్‌విల్ మీద పన్ను పడుతుంది కాబట్టి పాతాయన ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోవాలి.

స్టాంపు, రిజిస్ట్రేషన్

ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాల్సిందే. ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ అదే చెబుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌కు మన రాష్ట్రంలో చేసిన సవరణ ప్రకారమైతే ఏడాదికి లోపు లీజులు కూడా రిజిస్టర్ కావాలి. మూడేళ్ల లీజును వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ వేయిస్తే, గడువు గురించి వివాదం వచ్చినప్పుడు ఆ కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. నోటరీ ముద్ర సంతకాలకు సాక్ష్యమే తప్ప రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. 11 నెలల అగ్రిమెంట్‌కు కూడా సుంకం బాడుగను బట్టి ఉంటుంది, వంద రూపాయల కాగితం వాడినంత మాత్రాన తీరిపోదు.

హక్కు బదిలీకి, కొత్త లీజుకు సుంకం లెక్క వేర్వేరు. గడువు, బాడుగ, అడ్వాన్స్, చేతులు మారే సొమ్ము నాలుగూ రాసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రెండు విధాలుగానూ లెక్క వేయించుకున్నాకే ఏ దారో తేల్చుకోండి. ఒక్కోసారి తేడా వేలల్లో ఉంటుంది. సంతకాలైన 4 నెలల్లోగా పత్రం రిజిస్ట్రేషన్‌కు పెట్టాలి. పాత లీజు రిజిస్టర్ అయి ఉంటే దాని రద్దు పత్రాన్ని కూడా రిజిస్టర్ చేయించండి. లేకపోతే ఈసీలో పాతాయన పేరే వేలాడుతూ ఉంటుంది.

లైసెన్సులు, జీఎస్టీ

ఓనర్ అనుమతి షాపు మారడానికే. లైసెన్సులు దాంతోపాటు రావు. నెల్లూరు పొగతోటలో మెడికల్ షాపు తీసుకుంటున్నవాళ్లు డ్రగ్ లైసెన్సు కొత్తగా తెచ్చుకోవాలి. రిటైల్‌కు కనీసం 10 చదరపు మీటర్లు చూపించాలి, కాబట్టి లీజు పత్రంలో విస్తీర్ణం సరిగ్గా పడాలి. హోటళ్లు, స్వీటు షాపుల ఆహార లైసెన్సు అమ్మకంతో బదిలీ కాదు, మనిషి చనిపోతేనే వారసులకు వెళుతుంది. ఎరువులు, పురుగుమందుల లైసెన్సులు చిరునామాతో ముడిపడినవి. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ రిజిస్ట్రేషన్ కూడా కొత్త పేరు మీద తీసుకోవాలి. వీటన్నిటికీ ఓనర్ కాగితం, పన్ను రసీదు, కరెంటు బిల్లు అడుగుతారు. సంతకాల రోజునే నాలుగు సెట్లు జిరాక్సు తీయించి ఓనర్ చేత సంతకం పెట్టించుకుంటే ఆయన గడప మళ్లీ మళ్లీ తొక్కక్కర్లేదు.

జీఎస్టీలో తరచూ వచ్చే చిక్కు: పాతాయన రిజిస్ట్రేషన్ అదే చిరునామా మీద ఉండిపోతే కొత్తాయన దరఖాస్తుకు ప్రశ్నలు వస్తాయి. పాతాయన చిరునామా మార్చుకుంటే 15 రోజుల్లో, వ్యాపారం మూసేస్తే 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఈ పని చేస్తానని పత్రంలో రాయించి, గుడ్‌విల్‌లో చివరి వాయిదాను దానికి ముడిపెట్టండి.

బాడుగ ఖర్చు లెక్కేసుకునేటప్పుడు 18 శాతం జీఎస్టీని మర్చిపోవద్దు. ఓనర్‌కు రిజిస్ట్రేషన్ లేకున్నా, బాడుగదారుకు ఉంటే 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను బాడుగదారే నేరుగా కట్టాలి. 40,000 బాడుగకు 7,200. కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఇంత శాతమని పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు 2025 జనవరి 16 నుంచి దీన్నుంచి మినహాయింపు దొరికింది. నెల బాడుగ 50,000 దాటితే టీడీఎస్ (బాడుగలోంచి ఆదాయపు పన్ను ముందే కోసి కట్టడం) సంగతి కూడా చూసుకోవాలి.

తాళాలు మారే రోజు

ముగ్గురూ షాపులోనే కలవండి. షట్టర్ తాళాలెన్ని, సెంట్రల్ లాక్ తాళాలెన్ని, మోటారు గది తాళం ఎవరి దగ్గరుందో రాసుకోండి. షట్టర్ ఒకసారి పూర్తిగా ఎత్తి దించి చూడండి, స్ప్రింగు పోయిందని మర్నాడు చెబితే ఎవరూ ఒప్పుకోరు. సామాను జాబితా చదువుతూ ఒక్కొక్కటీ టిక్కు పెట్టండి: ఏసీలు టన్నులతో సహా, ఫ్యాన్లు, గాజు తలుపు, ర్యాకులు, ఇన్వర్టర్ బ్యాటరీ. గోడకు బిగించిన ర్యాకులు పాతాయనవా, ఓనర్‌వా అన్న వాదన ఈ రోజే తేలిపోవాలి. బిగించినవాటిని తీసుకెళ్లే హక్కు బాడుగదారు స్వాధీనంలో ఉన్నంతవరకే. తాళాలిచ్చాక వచ్చి "ఆ ఏసీ నాది" అంటే కుదరదు.

కరెంటు మీటరు రీడింగును సర్వీసు నంబరు కనబడేలా ఫోటో తీయండి. నెల్లూరులో ఏపీఎస్‌పీడీసీఎల్, ఒంగోలులో ఏపీసీపీడీసీఎల్ యాప్‌లో సర్వీసు నంబరు కొడితే బకాయి కనిపిస్తుంది. అది సున్నా చూపించినంత మాత్రాన పాతాయన లెక్క ముగిసినట్టు కాదు. మన రాష్ట్రంలో ఇంధన సర్దుబాటు, ట్రూ-అప్ ఛార్జీలు (కరెంటు సంస్థకు అసలైన ఖర్చుకూ అప్పటి ధరకూ ఉన్న తేడా) ఎప్పుడో వాడుకున్న యూనిట్ల మీద నెలలో ఏళ్లో గడిచాక బిల్లులో పడుతున్నాయి. ఏసీలు నడిపిన బట్టల షాపు వాడకం మీద పడిన భారాన్ని, నాలుగు లైట్లతో నడిచే స్టేషనరీ షాపు మోయాల్సి వస్తుంది. అప్పగింత తేదీకి ముందరి వాడకం మీద వచ్చే సర్దుబాటు ఛార్జీలు పాతాయనవేనని రాసుకుని, దానికోసం ఐదో పదో వేలు ఓనర్ దగ్గర ఏడాది పాటు ఉంచండి. ఆ వాపసు తేదీని కూడా కాగితం మీద వేయించుకుని, ముగ్గురూ తలా ఒక అసలు కాపీ తీసుకున్నాకే తాళాల గుత్తి కొత్తాయన చేతిలో పెట్టండి.